దన్ను కదలకూడదు

మా మేస్త్రి పోయాడని వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టిన కాసేపటికే కింద వరసగా దండాలు, తామరపూలు, ‘ఓం శాంతి’లు వచ్చాయి. వాటి మధ్య ఒకాయన ‘ప్రభువు ఆయన ఆత్మను తన సన్నిధిలో చేర్చుకొనుగాక’ అని రాశాడు. ఆయనకు ఏ దురుద్దేశమూ లేదు. అందరిలా కాకుండా మేస్త్రికి తగినట్టు రాద్దామని ఆలోచించి రాశాడు. దాని కింద ఇంకొకరు, ‘కన్వర్ట్ అయ్యారని విన్నాను, నిజమేనన్నమాట’ అన్నారు. మూడో ఆయన, ‘ఎప్పుడో అయ్యారండీ, ఎడిసన్‌లో అందరికీ తెలుసు’ అన్నాడు.

మేముండే ఎడిసన్‌లో అందరికీ తెలిసిన ఆ సంగతిని పుట్టించింది నేను. మా గృహప్రవేశం రోజు, విస్తట్లో పులిహోర వడ్డిస్తూ, నలుగురిని నవ్వించడానికి అన్నాను. అది నిజం కాదు.

మర్నాడు ఆయన కూతురు మేఘన ఫోన్ చేసింది. దేశానికి అవతలి కొసన బాతెల్‌లో బయోటెక్ ఉద్యోగం. కబురు తెలియగానే పిస్కాటవేలో వాళ్లింటికి వచ్చేసింది.

“అంకుల్, మిమ్మల్ని ఒకటి అడగాలి. డాడ్ క్రిస్టియన్ అయ్యాడా? గ్రూప్‌లో చూశాను. నాకు ప్రాబ్లమ్ లేదు, ఐ స్వేర్. అమ్మని అడిగితే ఏడుస్తుంది. సండే మెమోరియల్‌లో నేను మాట్లాడాలి. నాకు తెలీని డాడ్ గురించి ఎట్లా మాట్లాడతా?”

ఫోన్‌లో చెప్పే మాట కాదు. “వచ్చి చెప్తానమ్మా” అన్నాను.

మేస్త్రి అన్న పేరు పెట్టింది కూడా మేమే. ఆయన తాపీ పట్టినవాడు కాదు. గుంటూరు వైపు మనిషి, ఎంసీఏ చదివి వచ్చిన సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఒక వెబ్‌సైట్ మీదికి జనం ఒక్కసారిగా ఎగబడితే అది ఎక్కడ కూలుతుందో ముందే కూల్చి చూసి చెప్పడం ఆయన పని. “అందరూ నిలబెట్టడానికి జీతం తీసుకుంటారు తమ్ముడూ, నేను పడగొట్టడానికి తీసుకుంటా” అనేవాడు. ప్రాజెక్టు దొరికేదాకా కన్సల్టెన్సీ వాళ్లు మా అందరినీ ఎడిసన్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో కుక్కారు. నాకు ఆయన పరిచయం అక్కడే. నాకన్నా కొన్నేళ్లు పెద్ద. ప్రాజెక్టు లేని ఆ రోజుల్లో మేమంతా ఫోన్ మోగుతుందేమోనని కూర్చుంటే, ఆయన లైబ్రరీకి పోయి పాత పుస్తకాలు అమ్మే బల్ల మీద ఒక బొమ్మల పుస్తకం సంపాదించాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఫ్రాన్స్‌లో కట్టిన పెద్ద చర్చిల బొమ్మలు. ఆ పుస్తకం తెరిచినవాడు మళ్లీ మూయలేదు.

అప్పటి నుంచి ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో నిలబడి ముందు పైకప్పు చూసేవాడు. తర్వాతే పలకరింపు. ఆ ఇంటివాళ్లు స్మోక్ అలారం మోగుతోందేమోనని వాళ్లూ తలెత్తేవాళ్లు. మాల్ పార్కింగ్‌లో కార్ దిగితే దగ్గరున్న స్తంభాన్ని అరచేత్తో ఒకసారి తట్టేవాడు, పశువుని తట్టినట్టు. “మోస్తోంది పాపం” అనేవాడు.

పండగకి మన కొట్లుండే ఓక్ ట్రీ రోడ్‌లో పూలదండ కొనుక్కొస్తే అది సూటిగా దేవుడి పటానికి చేరేది కాదు. రెండు చేతులతో రెండు కొసలూ పట్టుకుని వేలాడదీసేవాడు.

“చూడు తమ్ముడూ. ఇది తన బరువుకి తను ఎట్లా వేలాడాలో అట్లా వేలాడుతోంది. ఎవరూ నేర్పలేదు. దీన్ని రాయి చేసి తలకిందులు చెయ్యి, అదే కమాను. పడదు.”

“మరి చర్చి కమాను మొనదేలి ఉంటది గదన్నా?” అనేవాణ్ణి నేను. మాది వరంగల్.

ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు జేబులోంచి కార్ తాళంచెవి తీసి దండ మధ్యలో కట్టేవాడు. దండ అక్కడ కిందికి మొనదేలేది. ఫోన్‌లో ఫొటో తీసి ఫోన్‌ని తిరగేసి చూపించేవాడు. నిజంగానే చర్చి కిటికీ పైభాగంలా ఉండేది.

“అయితది గానీ, దేవుడు ఎదురుచూస్తుండు, దండ వెయ్యన్నా” అని మేం అరిచేవాళ్లం.

“ఆయనకి తొందరేం లేదురా. వీసా స్టాంపింగ్ కాదు కదా” అనేవాడు తాళంచెవి విప్పుతూ.

ఒకసారి నన్నడిగాడు, “మీ వరంగల్ కోటలో రాతి తోరణాలున్నాయి కదా, వాటి కింద నిలబడి ఎప్పుడైనా పైకి చూశావా?” అని. ఐస్‌ఫ్రూట్ తిన్నానన్నాను. “అందులో కమాను లేదు. స్తంభాలు, మీద దూలం. రాయిని అడ్డంగా పడుకోబెట్టారు మీవాళ్లు. అక్కడ వాళ్లేమో రాయిని రాయికి ఆనించి నిలబెట్టారు. రెండూ గొప్పే. నువ్వు మాత్రం ఐస్‌ఫ్రూట్ తిన్నావ్” అన్నాడు. ఆయన పోయాక ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే, ఈసారి ఊరికి వెళ్లినప్పుడు తలెత్తి చూడాలనుంది.

ఆయన పుస్తకంలోని చర్చిలు ఫ్రాన్స్‌లో ఉన్నాయి. వెళ్లే వీల్లేదు. దేశం దాటితే మళ్లీ స్టాంపింగ్ ఇస్తారో లేదోనన్న భయం మా అందరిదీ. అందుకని ఆయన న్యూయార్క్‌లో ఒకదాన్ని పట్టుకున్నాడు. మన్‌హాటన్ పైభాగంలో ఉన్న, మొదలుపెట్టి వందేళ్లు దాటినా ఇంకా పూర్తికాని పెద్ద చర్చి అది. అది మధ్యయుగంలో కట్టింది కాదుగానీ ఆ పద్ధతిని పట్టుకుని కట్టింది. ఆదివారాలు ఎడిసన్‌లో ట్రైన్ ఎక్కి అక్కడికి పోయేవాడు.

వేసవిలో అందరి అమ్మానాన్నలూ దిగేవాళ్లు. మేం ఆఫీసుల్లో ఉండేవాళ్లం, వాళ్లు సోఫాల్లో ఉండేవాళ్లు. వాళ్లని వెంటబెట్టుకుని తిప్పే పని మేస్త్రి తన మీద వేసుకున్నాడు. నయాగరా, లిబర్టీ విగ్రహం కొడుకులకి వదిలేసి ఈయన చర్చి చూపించేవాడు. మా అమ్మని తీసుకెళ్లిన రోజు నేనూ వెళ్లాను. మెట్ల దగ్గర అమ్మ ఆగి, “చెప్పులు ఏడ ఇడవాలె బిడ్డా?” అంది.

“ఇక్కడ అక్కర్లేదమ్మా. అయినా విడుస్తానంటే నా చేతికివ్వండి, పట్టుకుంటా” అన్నాడు.

అమ్మ విడిచింది. ఆయన నిజంగానే ఆ చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి నడిచాడు. లోపల అమ్మ చుట్టూ చూసి, ఎవరినీ అడక్కుండా బలిపీఠం వెనక నుంచి గుండ్రంగా పోతున్న దారిలో ప్రదక్షిణం మొదలుపెట్టింది. నాకు సిగ్గేసింది. “అమ్మా, ఇది గుడి గాదు” అని వెనక పరుగెత్తాను. మేస్త్రి నా భుజం పట్టుకుని ఆపాడు.

“నడవనీ. ఆ దారి వేసిందే అందుకు. పాతకాలంలో ఆ చర్చిల్లో లోపల పునీతుల అవశేషాలుండేవి. యాత్రికులు చుట్టూ తిరిగి దణ్ణం పెట్టుకుని పోయేవాళ్లు. ఇక్కడికొచ్చిన మనవాళ్లలో కరెక్టుగా నడిచింది మీ అమ్మ ఒక్కతే.”

తిరిగొచ్చిన అమ్మ మోకాళ్లు పట్టుకుని కూర్చుని పైకి చూసింది. “ఇంత బరువు ఎవరు మోస్తున్నరు నాయనా? గోడలనిండా కిటికీలే ఉన్నయ్” అంది.

మేస్త్రి ముఖం వెలిగిపోయింది. అమ్మని మెల్లగా బయటికి నడిపించి, గోడ వెనక నిలబడిన పెద్ద రాతి ఊతల్ని చూపించాడు. ఇంగ్లీషులో బట్రెస్ అంటారు. ఆయన మాట ‘దన్ను’. “కప్పు గోడల్ని బయటికి తోస్తుందమ్మా. వీళ్లు బయట నిలబడి వెనక్కి నెడతారు. లోపల దణ్ణం పెట్టుకునేవాళ్లకి వీళ్లు కనపడరు. దేవుడి సంగతి నాకంత తెలీదు గానీ, మోసేవాళ్ల సంగతి తెలుసు.”

అమ్మ ఆ రాయికి దణ్ణం పెట్టింది. తర్వాతే చెప్పులు వేసుకుంది.

పుస్తకంలో ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైంది బోవే అనే ఊళ్లో చర్చి. అది కూలిపోయిన చర్చి. అందరికన్నా ఎత్తుగా కట్టాలని పంతం పట్టి కప్పు లేపారు, కొన్నేళ్లకి అందులో కొంత భాగం కూలింది. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఇంకో స్తంభం పెట్టి మళ్లీ కట్టారు. చాలా తరాల తర్వాత ఇంకో పంతం, మీద ఆకాశమంత గోపురం. అదీ పడింది. పండగ రోజు, జనం ఊరేగింపుగా బయటికి వెళ్లిన కాసేపటికి పడింది. ముందు భాగం ఇప్పటికీ కట్టనే లేదు. అది ఉండాల్సిన చోట అంతకుముందు కాలపు చిన్న పాత చర్చి అలాగే ఉంది. “పెద్దాయన వస్తాడన్నా కుర్చీ ఖాళీ చెయ్యకుండా కూర్చున్న ముసలమ్మలాగా” అనేవాడు.

“పడిపోయిన దాన్ని అంత ప్రేమగా చెప్తవేందన్నా?” అన్నాను.

“పడ్డాక మళ్లీ దన్ను పెట్టారు చూడు, అది నచ్చింది నాకు. పైగా గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్న మనకి అర్థమైనట్టు అది ఎవరికీ అర్థం కాదు. పునాది వేసినవాడు పైకప్పు చూడడు. అయినా పొద్దున్నే లేచి పనిలోకి పోతాడు.”

తలా ఒక వంట తెచ్చుకునే మా పాట్‌లక్‌లలో ఆయన ఆట ఒకటుండేది. భోజనాల ముందు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి మనుషులతో చర్చి కట్టేవాడు. తనూ ఇంకొకరూ ఎదురెదురుగా నిలబడి, చేతులు పైకెత్తి అరచేతులు ఆనించి, ఒకరి మీదికొకరు వాలేవాళ్లు. అది కమాను. కాళ్లు వెనక్కి జారబోతాయి. అప్పుడు ఇద్దరి వెనకా చెరొకరు నిలబడి వీపుకి చేతులు ఆనించాలి. వాళ్లు దన్ను. కమాను గట్టిపడేది. పిల్లలు ఆ చేతుల కిందనుంచి దూరి పరుగెత్తేవాళ్లు. మేఘన కూడా పరుగెత్తింది, ముందు పళ్లు ఊడిన వయసులో.

ఒకసారి ఆయన వెనక దన్ను నేను. అందరూ చూస్తున్నారు. నవ్వించాలనిపించింది. చేతులు తీసేశాను. మేస్త్రీ, ఎదుటివాడూ కలిసి బల్ల మీద పడ్డారు. పెరుగు గిన్నె బోర్లా పడింది. గదంతా విరగబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. చొక్కా మీద పెరుగు తుడుచుకుంటూ నా వైపు తిరిగి, “తమ్ముడూ, దన్ను కదలకూడదు” అన్నాడు. కోపంగా కాదు, ఆటలో రూల్ చెప్పినట్టు.

నేను ఇల్లు కొనుక్కుని గృహప్రవేశం పెట్టుకున్న ఆదివారం ఆయన రాలేదు. ఆ రోజు ఆ చర్చిలో పైకి ఎక్కించి కమానుల వెనకవైపు చూపించే టూర్ ఉంది, చాన్నాళ్లుగా దానికోసం ఎదురుచూస్తున్నాడు. సాయంత్రానికి వస్తానన్నాడు. నాకు కష్టంగా అనిపించింది. వ్రతం అయ్యాక భోజనాల్లో ఎవరో, “మేస్త్రి ఏడీ?” అన్నారు.

“చర్చిలో ఉన్నడు. బాప్టిజం అయినంక వస్తడు” అన్నాను.

బాగా నవ్వారు. ఇంకెవరో, “అందుకే ప్రతి ఆదివారం పోతున్నాడా?” అన్నారు. నేను కళ్లెగరేశాను. అంతే. సాయంత్రం ఆయన వెండి కుంకుమభరిణె పట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి మా కొత్త పైకప్పు చూసి, “బావుంది, కానీ లోపలంతా చెక్కే కదా” అన్నాడు. అప్పటికే కొందరు ఆయన్ని వేరేగా చూస్తున్నారు.

ఆదివారం పొద్దున లైబ్రరీ గదిలో తెలుగు క్లాసు ఒకటి నడిపేవాళ్లం. అందులో పిల్లలకి పాఠం చెప్పాకే ఆయన ట్రైన్ ఎక్కేవాడు. నా జోకు తర్వాత నాలుగు నెలల్లో ఆయన క్లాసు పల్చబడింది. పిల్లలకి ఈతలు, సాకర్లు వచ్చిపడ్డాయి. క్లాసు కమిటీలో ఒకరు, “ఆయనకి కాస్త రెస్ట్ ఇద్దామండీ, పేరెంట్స్ అన్‌కంఫర్టబుల్‌గా ఉన్నారు” అన్నారు. ఎందుకో ఎవరూ పైకి అనలేదు. నేను ఆ కమిటీలో ఉన్నాను. ఒరే, అది నా జోకురా అంటే సరిపోయేది. నవ్వులపాలవుతానని ఊరుకున్నాను. ఆ తర్వాత ఆయన్ని క్లాసుకి పిలవలేదు.

తర్వాత చాన్నాళ్లకి ఒక ఆదివారం ఆయనతో ఆ చర్చికి వెళ్లాను. ట్రైన్‌లోనే చెప్పేద్దామనుకుని, న్యూవార్క్ దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. లోపల స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాక మొదలుపెట్టాను. “అన్నా, అప్పుడు మా ఇంట్ల...”

“తెలుసులే” అన్నాడు. “విన్నవాడొకడు వెంటనే చెప్పాడు నాకు. నవ్వొచ్చింది. నువ్వంటే బావుంటాయి జోకులు.”

“మరి గాదని ఎందుకు చెప్పలే?”

పైకి చూశాడు. “ఎట్లా చెప్పను? కాదు కాదు అని అరిస్తే, నా మీద ఏదో దొంగతనం మోపినట్టు ఉండదూ? అవతల అదే నమ్మకంతో బతుకుతున్న మనవాళ్లున్నారు. వాళ్లేమనుకుంటారు?” తర్వాత తల నా వైపు తిప్పి, “క్లాసులో పిల్లలు బాగున్నారా? గుణింతాలు అయిపోయాయా?” అన్నాడు.

నేను అయిపోయాయన్నాను. వచ్చేవారం కమిటీతో మాట్లాడతానని కూడా అన్నాను. మాట్లాడలేదు. ఆయన మళ్లీ అడగలేదు.

గ్రీన్‌కార్డ్ వచ్చాక బోవే వెళ్దామన్నాడు. వచ్చిన ఏడాదే గుండెకి ఆపరేషన్ అయింది, ఆ తర్వాత ప్రయాణాలు వద్దన్నారు. “కట్టినవాళ్లే పూర్తిగా చూడలేదు, నాదేముంది” అన్నాడు ఆసుపత్రి మంచం మీద. పైకప్పు చూస్తూనే అన్నాడు. అక్కడ తెల్లటి పలకలు తప్ప ఏమీ లేవు.

ఇదంతా మేఘనకి వాళ్ల వంటగదిలో కూర్చుని చెప్పాను. గట్టు మీద, ఆయన రోజూ దీపం పెట్టే వెంకటేశ్వరస్వామి పటం ముందు, వదిన పెట్టిన దీపం వెలుగుతోంది.

“జోక్ అప్పుడు ఫన్నీగా ఉందా అంకుల్?”

“ఉందమ్మా.”

“డాడ్ నవ్వాడా?”

“నవ్విండు.”

“హీ వుడ్” అంది. కళ్లు తుడుచుకుని, “సో, డాడ్ నాకు తెలిసిన డాడే. ఓకే. సండే ఇది మీరే చెప్పండి. నేను చెప్తే డిఫెండ్ చేసినట్టు ఉంటుంది. డాడ్‌కి అది ఇష్టం ఉండదు కదా” అంది.

ఆదివారం సంతాపసభ పిస్కాటవేలో ఒక కమ్యూనిటీ హాల్లో. లోపలికి వెళ్తూనే నేను పైకప్పు చూశాను. మనుషుల ముఖాలు చూడ్డానికి ధైర్యం చాలక కూడా కావచ్చు. నా వంతు వచ్చినప్పుడు నిలబడి, పైన రాసినదంతా కాస్త కుదించి చెప్పాను. గృహప్రవేశం, నా మాట, క్లాసు, కమిటీలో నా మౌనం. కొందరు తల దించుకున్నారు. కొందరు ఫోన్ చూసుకున్నారు. రెస్ట్ ఇద్దామన్నాయన, “అప్పుడు ఎవరికి తెలుసండీ ఇదంతా” అన్నాడు.

వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. ఎడిసన్‌లో ఉండే తెలుగు క్రైస్తవ కుటుంబం వాళ్లది. భార్య పక్కనే ఉంది.

“మాకు తెలుసండీ” అన్నాడు. “ఆ మాట విన్నాక వచ్చిన మొదటి క్రిస్మస్‌కి మేం కేకు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. ఏ సంఘానికి వెళ్తున్నారు బాబూ అని అడిగాను. లేదండీ, నేను కట్టడం చూడ్డానికి వెళ్తాను, మీ కేకు మాత్రం బావుంది అన్నాడు. అప్పట్నుంచి ప్రతి ఏడూ కేకు ఇస్తూనే ఉన్నాం, సంక్రాంతికి వాళ్లు అరిసెలు పంపుతూనే ఉన్నారు.” కూర్చోబోయి మళ్లీ ఆగాడు. “మీరెవరూ ఆయన్ని అడగలేదా?”



అప్పుడు మేఘన ముందుకొచ్చింది. కాగితం మీద రాసుకొచ్చింది మడిచి పక్కన పెట్టేసింది. “మా డాడ్ చర్చి కట్టేవాడు, పాట్‌లక్స్‌లో. మీరందరూ చూశారు. ఒకసారి కడదాం” అంది. వాళ్ల ఈడు పిల్లవాడొకడు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ చేతులెత్తి అరచేతులు ఆనించారు. కేకు పెద్దాయన తనంతట తనే వెళ్లి ఆ అబ్బాయి వెనక నిలబడ్డాడు.

మేఘన తల తిప్పకుండా, “అంకుల్, నా సైడ్ మీరు” అంది.

వెళ్లి ఆమె వీపుకి రెండు చేతులూ ఆనించాను. ఇద్దరూ ఒకరి మీదికొకరు వాలారు. బరువు మెల్లగా నా చేతుల్లోకి వచ్చింది. నేను అనుకున్నదాని కన్నా ఎక్కువే ఉంది. నాకు కుడి భుజం పట్టేసి ఏడాది దాటింది, నొప్పి మెడదాకా పాకింది.

“షోల్డర్ ఓకేనా అంకుల్?”

“మంచిగనే ఉందమ్మా. నువ్వు చెప్పేది చెప్పు.”

మేఘన అలా వాలి ఉండగానే పైకప్పు వైపు చూసి, బోవే అనే ఊరి సంగతి మొదలుపెట్టింది. ముందు ఎంత ఎత్తు కట్టారో చెప్పింది. ఎలా పడిందో చెప్పింది. మళ్లీ కట్టడం దగ్గరికి వచ్చేసరికి కథ చాలా పొడుగైంది. తండ్రిలాగే ఏదీ వదలకుండా చెబుతోంది.

ఆమె చాలు అనేదాకా నేను కదల్లేదు.